మిథనాల్ సీసా మూత

చిట్టీ,

మిథనాల్ కలిపిన నీళ్లలో పాలీఎలక్ట్రొలైట్ల, అంటే ఒళ్లంతా విద్యుదావేశాలున్న పొడవాటి గొలుసు అణువుల, స్నిగ్ధత (చిక్కదనం) కొలవబోతున్నావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో మళ్లీ ఒకరు విస్కోమీటర్ గొట్టం పట్టుకుంటున్నారని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు ఒక్కమాట. ద్రావణాన్ని ఆ గొట్టంలోకి నోటితో పైకి లాగవద్దు. మా రోజుల్లో రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకునే లాగేవాళ్లం. మిథనాల్ కళ్లు తీస్తుంది తల్లీ. రబ్బరు బల్బు దొరకకపోతే ఆ రోజు పని మానేసి ఇంటికి వెళ్లు. ఎవరైనా అడిగితే పెదనాన్న చెప్పాడను.

గొట్టం శుభ్రత, 25 డిగ్రీల నీళ్ల బాత్, ప్రతి కొలతా మూడుసార్లు. ఇవి నీకు తెలిసినవే.

ఇక నా తప్పు. సోడియం పాలీస్టైరీన్ సల్ఫొనేట్ అనే పాలీఎలక్ట్రొలైట్‌ను బరువులో నూటికి 60 పాళ్లు మిథనాల్ ఉన్న మిశ్రమంలో కొలుస్తున్న రోజులవి. మామూలు పాలిమర్‌ను పలుచన చేస్తే రెడ్యూస్డ్ విస్కాసిటీ (పాలిమర్ వల్ల ద్రావణి చిక్కదనం ఎన్నో వంతు పెరిగిందో దాన్ని గాఢతతో భాగిస్తే వచ్చే అంకె) తగ్గుతుంది. దీనిది పెరుగుతుంది. చుట్టూ అయాన్లు పలచబడేకొద్దీ గొలుసు మీది ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుని అది సాగుతుంది. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం (ఆవేశాల మధ్య ఆకర్షణను ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) సుమారు 78, మిథనాల్‌ది 33. కాబట్టి మిథనాల్ ఎక్కువైతే సోడియం అయాన్లు గొలుసుకు అతుక్కుని ఆ సాగుడు తగ్గాలి. నా గ్రాఫు మాత్రం బాగా పలుచనైన చివర్లో నిక్కి నిలబడింది. ఇలాంటి పెరుగుదలను సరళరేఖగా చూపే 1948 నాటి ఫ్యూస్-స్ట్రాస్ సూత్రంలో వేస్తే ఆ రేఖ రాలేదు. నేను సూత్రాన్నే అనుమానించాను!

పొద్దున వట్టి ద్రావణి (పాలిమర్ వేయని మిశ్రమం) గొట్టంలో ఎన్ని సెకన్లలో జారిందో ఒక్కసారి చూసి, సాయంత్రం దాకా అదే అంకె వేశాను. ఎండాకాలం. కలపడానికి గాలి బుడగలు ఊదుతూనే ఉన్నాను, సీసాకు మూత లేదు. మిథనాల్ ఆవిరైపోతోంది. ఆ మిశ్రమం అన్నిటికన్నా చిక్కగా ఉండేది 40 పాళ్ల దగ్గర. మిథనాల్ 60 పాళ్ల నుంచి కిందికి దిగేకొద్దీ ద్రావణే చిక్కబడింది, నీటి పాలు పెరిగి గొలుసూ ఇంకాస్త సాగింది. పలుచన చేస్తే పెరగాల్సిన అంకె పెరుగుతోంది కదా, ఎవరికి అనుమానం వస్తుంది? ఒక సాయంత్రం యథాలాపంగా వట్టి ద్రావణిని మళ్లీ పోస్తే స్టాప్‌వాచ్ పొద్దుటికన్నా ఆరు సెకన్లు ఎక్కువ చూపింది. నాలుగు నెలల నోటుబుక్కు అక్కడే మూసేశాను.

ప్రతి పలుచనకూ ముందు, తర్వాత వట్టి ద్రావణిని కొలువు. పలుచన చేసేదీ అదే మిశ్రమంతో, ఉత్త నీళ్లతో కాదు. 'రేపు చూద్దాంలే' అనే నీ జబ్బు నాకు తెలుసు. పదో తరగతి రికార్డు బొమ్మలు రాత్రి రెండింటికి నాచేత వేయించుకున్నావు. వేశాను, మళ్లీ అడిగినా వేస్తాను.

బల్బు కొన్నావో లేదో రాత్రికి ఫోను చెయ్యి.

పెదనాన్న