గుట్ట పోరంబోకులో ఉచ్చు పెట్టొచ్చా? వేట నిబంధనలపై పాఠకుల ప్రశ్నలు

చెనిక్కాయకు ఊడలు దిగే రోజులొస్తే కర్నూలు, అనంతపురం, కడప పల్లెల నుంచి పందుల మీద, జింకల మీద ఉత్తరాలు పెరుగుతాయి. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

మా ఊరి గుట్ట రిజర్వు అడవి కాదు, రెవెన్యూ పోరంబోకు. అక్కడ కుందేళ్ళకూ కౌజులకూ ఉచ్చులు పెడితే అటవీశాఖకు ఏం సంబంధం?
*— ఒక పాఠకుడు, కల్యాణదుర్గం*

సంబంధం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ముందుగా చూసేది జంతువును. నేల పోరంబోకైనా, ప్రభుత్వం పంచిన డీకేటీ పట్టా భూమి అయినా, మీ సొంత చేనైనా వేట నిషేధం ఒకటే. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక చట్టంలోని జంతువుల జాబితాలు, అంటే షెడ్యూళ్ళు, రెండయ్యాయి. కృష్ణజింక, ఎలుగుబంటి, చిరుత, నెమలి, ఉడుము, అలుగు, నక్షత్ర తాబేలు మొదటిదాంట్లో ఉన్నాయి. అడవి పంది, కుందేలు, కౌజు రెండోదాంట్లో ఉన్నాయి. వేటను నిషేధించే తొమ్మిదో సెక్షను రెండింటికీ వర్తిస్తుంది.

వేట అంటే చంపడమే అని చాలామంది అనుకుంటారు. చట్టం ప్రకారం ఉచ్చు పెట్టడం, వల కట్టడం, ఎర వేయడం, విషం పెట్టడం, కుక్కలతో తరమడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. పక్షుల గుడ్లు పగలగొట్టినా, గూడు చెదరగొట్టినా అంతే. ఉచ్చులో ఏమీ పడలేదన్న వాదన నిలవదు.

నేలను బట్టి మారేది శిక్ష. పోరంబోకులో కుందేలుకు ఉచ్చు పెడితే మూడేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే ఉచ్చు రోళ్ళపాడు, గుండ్ల బ్రహ్మేశ్వరం, శ్రీ లంకమల్లేశ్వర వంటి అభయారణ్యంలో పెడితే కనీసం మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా జైలు. జరిమానా కనీసం 25 వేలు. అంటే అభయారణ్యం హద్దు లోపల కుందేలు వేటకు కూడా చిరుత వేటకు పడే శిక్షే పడుతుంది. అక్కడ అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం. రిజర్వు అడవిలోనైతే 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కూడా తోడవుతుంది.

క్లచ్ వైరుతో చేసిన ఉచ్చుకు కుందేలేదో, నక్క ఏదో తెలియదు. లంకమల కంప అడవుల్లో కౌజుల కోసం నేల మీద పరిచే వలలు మరీ ప్రమాదం. 1986లో సిద్ధవటం దగ్గర మళ్ళీ కనిపించిన కలివికోడి రాత్రిపూట ఆ కంపల మధ్యే నేల మీద నడిచే పక్షి. దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అక్కడ ఒక్క వల కూడా ఎక్కువే.

పందులకు చేను చుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు. రాత్రి వేసి తెల్లారేసరికి తీసేస్తే ప్రమాదం లేదంటున్నారు, నిజమేనా?
*— ఒక రైతు, కూడేరు*

నిజం కాదు. దయచేసి ఆ పని చేయకండి, చేస్తున్నవారిని ఆపండి.

మోటారు స్టార్టరు నుంచో, స్తంభం మీది లైను నుంచో తీసిన తీగలో 230 వోల్టులు ఆగకుండా పారుతుంటాయి. మనిషి తగిలితే ఫ్యూజు పోతుందని, కరెంటు దానంతటదే ఆగుతుందని ఒక నమ్మకం ఉంది. లెక్క చూడండి. మన ఎండిన ఎర్రనేలలో కరెంటు భూమిలోకి దిగే దారిలో నిరోధం ఉదాహరణకు 100 ఓములుందనుకుంటే, తీగ నేలకు తగిలినా పారేది రెండు ఆంపియర్ల పైచిలుకే. 15 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు కంటే తక్కువ చాలు. అందుకే ఫ్యూజు చెక్కుచెదరదు, మనిషి పోతాడు. చేతికి తగిలిన తీగను కండరాలు బిగుసుకుని వదలవు. దగ్గరికి పరుగెత్తి పట్టుకున్నవాడూ పోతాడు. పంది కోసం పెట్టిన తీగకు బలయ్యేది ఎక్కువగా పక్క చేను రైతు, మేకల కాపరి, లేదా మోటారు వేయడానికి చీకట్లో వచ్చిన ఇంటివాళ్ళే.

కేసులూ ఒకటితో ఆగవు. జంతువు చనిపోతే వన్యప్రాణి చట్టం, లైనుకు కొక్కెం వేస్తే విద్యుత్ చట్టం 135వ సెక్షను కింద కరెంటు దొంగతనం, మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత కింద నరహత్య కేసు. ఇలాంటి తీగ కనిపిస్తే ముట్టుకోవద్దు, కర్రతో కూడా తీయొద్దు. 1912కు ఫోన్ చేసి ఆ లైను ఆపించి, తర్వాత పోలీసులకూ అటవీ బీటు అధికారికీ చెప్పండి.

మరి సోలార్ కంచె చట్టబద్ధమేనా? ఎలా వేయాలి? పోయిన ఏడాది వేసినది ఎండాకాలంలో పనిచేయలేదు.
*— ఒక రైతు, పత్తికొండ*

మీ పొలంలో, ప్రమాణం ఉన్న ఎనర్జైజరుతో (కంచెకు కరెంటు దెబ్బలు పంపే పెట్టెతో) వేస్తే చట్టబద్ధమే. పోరంబోకులోకి, దారిలోకి జరపకూడదు.

ఈ కంచెలో కరెంటు ధారగా పారదు. బ్యాటరీ నుంచి ఎనర్జైజరు సెకనుకు ఒకటి మించకుండా చిన్న దెబ్బలు పంపుతుంది. ఒక్కో దెబ్బ సెకనులో వందో వంతు కూడా ఉండదు, శక్తి ఐదు జౌళ్ళు దాటకూడదు. వోల్టులు వేలల్లో ఉన్నా ప్రాణం తీయదు, ఎందుకంటే దెబ్బ అతి కొద్దిసేపే ఉంటుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య వదిలించుకునే వ్యవధి ఉంటుంది. కొనేటప్పుడు ఐఈసీ 60335-2-76 ప్రమాణం పెట్టె మీద ఉందో లేదో చూడండి. ఊళ్ళో మెకానిక్కు కట్టిచ్చిన పెట్టెలు వద్దు. కంచెను నేరుగా ఇంటి కరెంటుకు కలపొద్దు, ఒకే కంచెకు రెండు పెట్టెలు అసలే కలపొద్దు.

పందులకు మూడు వరుసలు చాలు. నేల నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర మొదటిది, 40 దగ్గర రెండోది, 65 నుంచి 70 మధ్య మూడోది. పంది ముట్టెతో తడుముతూ వస్తుంది కాబట్టి కింది తీగే ముఖ్యం, అది ఎత్తయితే కిందినుంచి దూరిపోతుంది. నునుపు గాల్వనైజ్డ్ తీగ వాడండి. ముళ్ళ తీగకు ఈ కరెంటు ఇవ్వకూడదు, చిక్కుకున్న మనిషి విడిపించుకోలేడు.

ఎండాకాలంలో మీ కంచె ఆగడానికి కారణం చాలామటుకు ఎర్తు. పంది కాళ్ళ కింది మట్టి గుండా దెబ్బ తిరిగి పెట్టెకు చేరితేనే దానికి తగులుతుంది. ఎండిన గరుసు నేల ఆ దారిని మూసేస్తుంది. ఒక్క కడ్డీ పాతి వదిలేస్తే సరిపోదు. ఒకటిన్నర మీటర్ల పైన పొడవున్న గాల్వనైజ్డ్ కడ్డీలు మూడు, ఒకదానికొకటి మూడు మీటర్ల దూరంలో, ట్రాన్స్‌ఫార్మరు ఎర్తుకు పది మీటర్లకు తగ్గకుండా దూరంగా పాతండి. వేసవిలో వాటి మొదళ్ళలో నీళ్ళు పోయండి. అప్పటికీ చాలకపోతే మధ్య వరుసను ఎర్తుకు కలిపి, పైనా కిందా వరుసలకు మాత్రమే దెబ్బ ఇవ్వండి. అప్పుడు రెండు తీగలూ తగిలిన పందికి నేలతో పనిలేకుండానే దెబ్బ తగులుతుంది.

వానలొచ్చాక సమస్య తిరగబడుతుంది. గడ్డి, చెనిక్కాయ తీగలు కింది వరుసను తాకి దెబ్బను భూమిలోకి లాగేస్తాయి. పదిహేను రోజులకోసారి కింద గడ్డి చెక్కండి. టెస్టరుతో పెట్టె దగ్గర కాకుండా కంచె చివర కొలవండి. నాలుగు వేల వోల్టులకు తగ్గితే పంది లెక్కచేయదు. దారి పక్క హెచ్చరిక బోర్డులు తప్పనిసరి.

చేను చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేసుకున్నా ముళ్ళకు పందులు కొంత వెనకాడతాయి. అది కంచెకు తోడే తప్ప కంచెకు బదులు కాదు. ఫోరేటు గుళికలు మూటకట్టి వేలాడదీయమని ఇంకా కొందరు చెబుతున్నారు. ఆ మందు వాడకం దేశంలో 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది. దాన్ని మేతలో కలిపి పెడితే గొర్రెలూ, కుక్కలూ, నెమళ్ళూ కూడా చస్తాయి.

పందులను కాల్చడానికి ప్రభుత్వమే అనుమతి ఇస్తుందట. ఎవరిని అడగాలి? జింకలకూ ఇస్తారా?
*— ఇద్దరు రైతులు, నందికొట్కూరు, రాజంపేట*

పందులకు దారి ఉంది. 11వ సెక్షను కింద రెండో షెడ్యూలు జంతువు మనుషులకో, ఆస్తికో, నిలిచిన పంటకో ప్రమాదమైతే రాష్ట్ర వన్యప్రాణి విభాగపు పై అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెనో, ఆయన అధికారమిచ్చిన అధికారో కారణాలు రాసి వేటకు ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఉత్తర్వు కాగితం మీద ఉండాలి. ఫారెస్టు సారు నోటిమాటగా సరేనన్నాడంటే కోర్టులో పనికిరాదు. ఉత్తర్వులో ఏ జంతువు, ఏ ప్రాంతం, ఎవరు, ఎప్పటిదాకా అన్నది చదివి, దాన్ని దాటకండి. ఉత్తర్వు పందికి ఇస్తే దాని కింద కుందేలును కొట్టడం నేరమే.

అర్జీ రేంజి అధికారి ద్వారా జిల్లా అటవీ అధికారికి పెట్టండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, ఏ తేదీల్లో ఎంత నష్టమైందో రాయండి. పాసు పుస్తకం నకలు, అడంగలు, ఈ-పంట నమోదు రసీదు జతచేయండి. ఫోటోల్లో తవ్విన సాళ్ళతో పాటు అడుగుజాడలు, పెంటిక కూడా కనిపించాలి. ఒక్కరు కాకుండా పక్కపక్క చేన్లవాళ్ళంతా కలిసి పెడితే విచారణ తొందరగా జరుగుతుంది. నష్టపరిహారం అర్జీ విడిగా పెట్టాలి, అదీ చేను దున్నకముందే. దున్నేశాక వచ్చిన అధికారికి పంచనామా రాయడానికి ఏమీ మిగలదు. ఇక్కడే ఎక్కువమంది నష్టపోతున్నారు.

కృష్ణజింకల సంగతి వేరు. అవి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆ షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, కోలుకోలేని జబ్బో గాయమో ఉంటేనో తప్ప ఉత్తర్వు రాదు. పంట నష్టం ఆ కారణాల్లో లేదు. రోళ్ళపాడు అభయారణ్యం విస్తీర్ణం 614 హెక్టార్లే కాబట్టి జింకలు చుట్టుపక్కల చేన్లకు రాక తప్పదు. రైతు బాధ నిజమైనదే. దానికి కంచె, పరిహారం ఈ రెండే దారులు. పరిహారం సకాలంలో అందించడం శాఖ బాధ్యతని గట్టిగా అడగండి.

బీహారులో 2015 డిసెంబరులో, ఉత్తరాఖండులో 2016 ఫిబ్రవరిలో కేంద్రం అడవి పందులను పీడ జంతువులుగా, అంటే వేటాడినా నేరం కానివిగా, ప్రకటించింది. ఆ కాగితాలు వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. అవి ఆ రాష్ట్రాలకు, ఆ గడువుకు మాత్రమే.

పంట కాపలాకని మందు తుపాకీకి లైసెన్సు ఉంది. అది చాలదా?
*— ఒక పాఠకుడు, బద్వేలు*

చాలదు. ఆ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికి. జంతువును కాల్చడానికి 11వ సెక్షను ఉత్తర్వు వేరే కావాలి. మీ ఊరు అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉంటే 34వ సెక్షను ప్రకారం ఆ ఆయుధాన్ని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెను దగ్గర నమోదు చేయించాలి. లంకమల చుట్టుపక్కలవాళ్ళు దీన్ని తప్పక చూసుకోవాలి. లైసెన్సు లేని నాటు తుపాకీ, పందుల కోసం చేసే నాటు బాంబు అయితే ఆయుధాల, పేలుడు పదార్థాల చట్టాల కేసులు విడిగా పడతాయి.

మీద పడిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో కొట్టినది నేరం కాదు. అయితే వేటకు పోయి ఎలుగుబంటికి ఎదురుపడినవాడికి ఆ రక్షణ లేదు.

ఉగాదికి ఊరంతా కుక్కలతో కుందేళ్ళ వేటకు పోవడం మా పెద్దల నాటి ఆచారం. దీనికి మినహాయింపు లేదా?
*— ఒక పాఠకుడు, ఆదోని*

లేదు. దేశం మొత్తంలో చట్టం తాకని వేట హక్కు నికోబార్ దీవుల గిరిజనులకే, 65వ సెక్షను కింద ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం నల్లమల చెంచులతో సహా అడవి బిడ్డలకు ఎన్నో సంప్రదాయ హక్కులిచ్చినా, వేటాడే హక్కును, ఉచ్చు పెట్టే హక్కును అందులోంచి స్పష్టంగా తీసేసింది. ఆచారం నిలుపుకోవాలంటే అహోబిలం పార్వేట ఉంది కదా. కనుమ నాడు మొదలయ్యే ఆ ఉత్సవంలో స్వామి పల్లకి ఊళ్ళు తిరుగుతుంది, ఒక్క జంతువుకూ హాని జరగదు. మీ ఊరి వేటనూ అలా ఊరేగింపుగా మార్చుకోవచ్చు.

రోడ్డు పక్క కుందేలు మాంసం అమ్ముతుంటే కొన్నవాళ్ళకూ కేసేనా? బండి గుద్ది చచ్చిన జింక సంగతేంటి?
*— ఒక పాఠకురాలు, కడప*

కొన్నా, తీసుకున్నా నేరమే. వండేశాం కదా అనడానికీ లేదు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన ల్యాకోన్స్ ప్రయోగశాల చిన్న ముక్క డీఎన్‌ఏతోనే అది ఏ జంతువో తేలుస్తుంది. చచ్చిన అడవి జంతువు, దాని మాంసం, కొమ్ములు అన్నీ ప్రభుత్వ ఆస్తి. చేతికొస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషనుకో, అటవీ అధికారికో తెలపాలి. రోడ్డు మీద చచ్చిన జింకను ఉన్నచోటే ఉంచి ఫోన్ చేయండి.

మా చేను కంపలో ఎవరో పెట్టిన ఉచ్చులో ఎలుగొడ్డు పడి అరుస్తా ఉంటే ఏం చేయాలి?
*— ఒక రైతు, రాయదుర్గం*

దగ్గరికి పోవద్దు. నడుముకు బిగిసిన తీగ అది గుంజేకొద్దీ తెగే స్థితికొస్తుంది. తెగిన క్షణం ఎదురుగా ఎవరుంటే వారి మీదికి వస్తుంది. వెంటనే అటవీ అధికారికి, దొరక్కపోతే 112కు ఫోన్ చేయండి. జనాన్ని వంద మీటర్ల అవతలే ఆపండి, కుక్కలను కట్టేయండి, సెల్‌ఫోన్ లైట్లు, కేకలు ఆపండి. భయంతో గంటల తరబడి గింజుకున్న జంతువు గాయం లేకపోయినా కండరాలు దెబ్బతిని చనిపోతుంది. మత్తు ఇచ్చే బృందం వచ్చేదాకా ఆ నిశ్శబ్దమే దానికి వైద్యం. తర్వాత కంప సందులు, నీళ్ళకు పోయే దారులు వాళ్ళతో కలిసి వెతికించండి. ఒక ఉచ్చున్నచోట ఇంకొన్ని ఉంటాయి.

తుంగభద్రలో టపాకాయ వేసి చేపలు పడుతున్నారు. ఇది కూడా నేరమేనా?
*— ఒక పాఠకుడు, మంత్రాలయం*

నేరమే. నీళ్ళలో పేలుడు పదార్థం గానీ, విషం గానీ వేసి చేపలు పట్టడాన్ని 1897 నాటి ఫిషరీస్ చట్టమే నిషేధించింది. పిల్ల చేపలతో సహా చచ్చి అడుగుకు పోతాయి, తేలి చేతికొచ్చేవి కొన్నే. మత్స్యశాఖ అధికారికీ పోలీసులకూ చెప్పండి.