నోటి వాసన అనుకుంటున్నది ముక్కులోంచి వస్తోందేమో చూడండి

మీ బాబుకు నాలుగున్నరేళ్లని, రెండు నెలలుగా నోటి వాసన వదలడం లేదని, రెండు పూటలా పళ్లు తోమించి నాలుక గీస్తున్నా ఫలితం లేదని రాశారు. ఇంట్లో పెద్దవాళ్లు కడుపులో పురుగులంటున్నారనీ చెప్పారు. చివర్లో, అంత ముఖ్యం కాదన్నట్టు, ఇంకో మాట రాశారు: "జలుబు కూడా తగ్గడం లేదు, ఎడమ ముక్కు కారుతూనే ఉంటుంది." నన్ను కలవరపెట్టింది ఆ మాటే. పళ్ల డాక్టరు కంటే ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఈ వారంలోనే వెళ్లండి.

మూడేళ్ల క్రితం మా పాపకు అచ్చం ఇలాగే జరిగింది. అప్పుడు తనకు నాలుగేళ్లు. ఒకరోజు జడ వేస్తుంటే వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది. గుప్పున కొట్టింది వాసన. పొద్దున్నే ఉండే పాచి వాసన కాదు. నానబోసి మరిచిపోయిన మినప్పప్పు మూడో రోజున ఎలా ఉంటుందో అలా ఉంది. మా అత్తయ్య యాలకులు, సోంపు నమిలించారు. నేను పేస్టు మార్చాను, బ్రష్షు మార్చాను. నాలుక బద్దతో మరీ లోపలిదాకా గీస్తే ఒకసారి వాంతి చేసుకుంది. ఫిబ్రవరిలో అంగన్‌వాడీలో నులిపురుగుల మాత్ర వేసే ఉన్నారు, అయినా వాసన వాసనగానే ఉంది. పిల్లల డాక్టరు గొంతు చూసి, ముక్కులో చుక్కలు, అయిదు రోజులకు యాంటిబయాటిక్ సిరప్ రాశారు. సిరప్ వాడినన్నాళ్లూ వాసన తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం. ఆపిన వారానికి మళ్లీ మొదలైంది. అసలు కారణాన్ని పట్టించగల ఆనవాలు అదే, మాకు అర్థం కాలేదు. మందుకు సూక్ష్మజీవులు తగ్గాయి, అవి పెరగడానికి చోటిచ్చిన వస్తువు మాత్రం లోపలే ఉండిపోయింది.

ఇప్పటికీ నన్ను బాధపెట్టేది వేరే ఉంది. "కాస్త దూరం జరిగి మాట్లాడు", "సరిగ్గా తోముకున్నావా లేదా" అని రోజుకు ఎన్నిసార్లు అన్నామో లెక్క లేదు. కొన్నాళ్లకు పాప ఎవరితో మాట్లాడబోయినా ముందు అరచేయి నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. వాళ్ల తాతయ్య ముద్దు పెట్టుకోబోయినా అలాగే చేసింది. మీ ఇంట్లో బాబును ఎవరైనా అలా అంటుంటే ఈ రోజే ఆపించండి.

ఒక రాత్రి పాప పక్కన పడుకుని ఉన్నాను. తను గాఢంగా నిద్రపోతోంది, పెదాలు పూర్తిగా మూసుకుని ఉన్నాయి. అయినా అదే వాసన. లేచి కూర్చుని ముఖం దగ్గరికి వంగి చూశాను. ముక్కులోంచి వస్తోంది, అదీ కుడి వైపు నుంచే. పొద్దున్న చీమిడి తుడిచిన గుడ్డ విప్పి చూస్తే పచ్చటి చీము, అందులో సన్నటి నెత్తుటి చార. కుడి ముక్కు కింద చర్మం ఒరిసి ఎర్రబడి ఉంది. ఎడమ పక్క శుభ్రంగా ఉంది. మామూలు జలుబు అయితే రెండు వైపులా కారుతుంది కదా అన్న ఆలోచన అన్నాళ్లూ మాలో ఎవరికీ రాలేదు.

చెవి, ముక్కు, గొంతు డాక్టరు లైటు వెలిగించకముందే ఒక ప్రశ్న అడిగారు: "ఒక పక్క నుంచేనా?" అవునన్నాను. పాపను దుప్పటిలో చేతులతో సహా చుట్టి నా ఒళ్లో కూర్చోబెట్టారు, నర్సు తల కదలకుండా పట్టుకుంది. చివర వంపు తిరిగిన సన్నటి కొక్కెం లాంటి పరికరాన్ని లోపలికి పోనిచ్చి ముందుకు లాగారు. అంతా కలిపి నిమిషం పట్టిందేమో. చింతగింజంత బూడిదరంగు ముద్ద ఒకటి ట్రేలో పడింది. గదంతా కంపు నిండిపోయి నర్సు వెళ్లి కిటికీ తీసింది. డాక్టరు దాన్ని నీళ్లతో కడిగి చూపిస్తే పసుపు రంగు బయటపడింది. స్పాంజి ముక్క. ఇంటికి వచ్చి చూస్తే మా సోఫాకు ఒక మూల గుడ్డ చిరిగి ఉంది, ఆ చిరుగులోంచి స్పాంజిని వేలితో గిల్లిన గుంటలు ఉన్నాయి. సరిగ్గా పాప నేల మీద కూర్చుంటే చేయి అందే ఎత్తులో.

స్పాంజి, కాగితం, గుడ్డపీలిక లాంటివి ముక్కులోని తడిని పీల్చుకుని అక్కడే కుళ్లుతాయని, అందుకే వాసన అంత ఘాటుగా ఉంటుందని డాక్టరు చెప్పారు. శనగగింజ, బఠాణీ లాంటివయితే తడికి ఉబ్బి మరింత బిగుసుకుంటాయి. రెండు నుంచి అయిదేళ్ల వయసు పిల్లలు ఇలా పెట్టుకోవడం చాలా మామూలట. పెట్టుకున్న సంగతి మరిచిపోతారు, లేదా తిడతారని చెప్పరు. ముక్కు వెనక భాగం గొంతులోకే తెరుచుకుంటుంది కాబట్టి ఆ వాసన నోటి నుంచి కూడా వస్తుంది. మనం నోటినే అనుమానిస్తూ ఉండిపోతాం.

ఇంట్లో చూసి ఏదో కనిపించినా పిన్నీసుతో, పట్టకారుతో, ఇయర్ బడ్‌తో తీయబోకండి. వెనక్కి జారితే ఊపిరి దారిలో పడే ప్రమాదం ఉంది. ఇంకో మాట భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను: రిమోట్లలో, వెలిగే బొమ్మల్లో ఉండే గుండ్రటి బిళ్ల బ్యాటరీ ముక్కులోకి పోయిందని ఏమాత్రం అనుమానం ఉన్నా రేపటిదాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాలి. కొన్ని గంటల్లోనే లోపలి కండను కాల్చేస్తుంది, ముక్కు మధ్య గోడకు రంధ్రం పడవచ్చు. అలాంటప్పుడు ఉప్పునీటి చుక్కలు కూడా వేయకూడదు, తడి దొరికితే హాని పెరుగుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఒక చిన్న పరీక్ష చేయండి. బాబును నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలమనండి, తర్వాత ముక్కు మూసి నోటితో "హా" అనమనండి. వాసన ఎటు నుంచి ఎక్కువో తెలిసిపోతుంది. ముక్కుతో వదిలినప్పుడు ఎక్కువుంటే, ఒక్క పక్కే కారుతుంటే, మా కథే అయ్యే అవకాశం ఎక్కువ.

ఒకవేళ ముక్కులో ఏమీ లేదని తేలితే అదే డాక్టరును ఎడినాయిడ్స్ సంగతి అడగండి. ముక్కు వెనక ఉండే మెత్తటి కండ అది, బాగా పెరిగితే ముక్కు దారి మూసుకుపోయి పిల్లలు నోటితో ఊపిరి పీలుస్తారు. మా తమ్ముడి కొడుకుది అదే సమస్య. రాత్రంతా నోరు తెరుచుకుని గురక పెట్టేవాడు, పొద్దున్నే లేస్తే నాలుక అట్టలా ఎండిపోయి ఉండేది. నోటిని కడిగేది లాలాజలమే, అది ఎండితే సూక్ష్మజీవులకు అడ్డుండదు, ఎంత తోమినా వాసన పోదు. గొంతులో టాన్సిల్స్ గుంటల్లో నూకల్లాంటి తెల్లటి పలుకులు పేరుకున్నా కంపు వస్తుంది. డాక్టరు అదీ చూస్తారు.

పళ్ల సంగతి ఆ తర్వాత. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు ఉంటే పై ముందు పళ్ల వెనక, దవడ పళ్ల సందుల్లో గోధుమరంగు మచ్చలున్నాయేమో చూడండి. పాలపళ్లు ఎలాగూ ఊడిపోతాయి కదా అని పుచ్చును వదిలేయకూడదు, దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల వరకు ఉండాల్సినవి. ఈ వయసు పిల్లలకు పేస్టు బఠాణీ గింజంత చాలు, ఏడెనిమిదేళ్లు వచ్చేవరకు పెద్దవాళ్లే తోమించాలి. నల్గొండ వైపు లాగా నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరయితే ఏ పేస్టు వాడాలో పళ్ల డాక్టరును అడగండి. పురుగుల మాత్ర ఆరునెలలకోసారి వేయించడం మంచిదే, కానీ నోటి వాసనకు అది మందు కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఏ డాక్టరు అపాయింట్‌మెంట్ కోసమూ ఆగకండి. వాసన కుళ్లులా కాకుండా మగ్గిన పండులా, గోళ్ల రంగు తుడిచే ద్రావకంలా ఉండి, బాబు విపరీతంగా నీళ్లు తాగుతూ, మాటిమాటికీ మూత్రానికి వెళ్తూ, చిక్కిపోతుంటే అదే రోజు రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి.

వెళ్లే ముందు ఆస్పత్రికి ఫోను చేసి, ఏమైనా తినిపించి తీసుకురావచ్చా అని అడగండి. బాగా లోపలికి పోయి ఉంటే మత్తు ఇచ్చి తీయాల్సి రావచ్చు, అప్పుడు ఖాళీ కడుపు కావాలి. పలుచటి దుప్పటి ఒకటి వెంట తీసుకెళ్లండి. "ముక్కులో ఏమైనా పెట్టుకున్నావా" అని గద్దించి అడగవద్దు, మా పాప మూడుసార్లు అడిగినా లేదనే చెప్పింది. ఒకటి తీశాక రెండో ముక్కు, రెండు చెవులు కూడా చూడమని మీరే గుర్తు చేయండి. మా పాప ఎడమ చెవిలో పెసరగింజ దొరికింది.

వాసన మూడు రోజుల్లో పూర్తిగా పోయింది. నోటికి చేయి అడ్డం పెట్టుకునే అలవాటు పోవడానికి మాత్రం నాలుగైదు నెలలు పట్టింది. వెళ్లి వచ్చాక ఏం తేలిందో ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాను.