నిలకడ లేదంటున్నారు, ఈ కొత్త ఉద్యోగంలో చేరొచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు, పుట్టిల్లు ఆదోని. నాకు 39 ఏళ్లు. బి.కాం. చదివాను. పెళ్లికి ముందు ఆదోనిలో ఒక పత్తి మిల్లులో లెక్కలు రాసేదాన్ని. పెళ్లయ్యాక ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌గా చేరాను. 2020లో లాక్‌డౌన్ రాగానే జీతాలు ఆపేశారు. ఆ తర్వాత ఒక ఆస్పత్రిలో బిల్లింగ్, ఆరోగ్యశ్రీ కాగితాల పని మూడేళ్లు చేశాను. మేనేజరు అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడని మర్నాటి నుంచి వెళ్లలేదు. ఇప్పుడు హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపులో ట్యాలీ, జీఎస్టీ చూస్తున్నాను. 14 వేలు ఇస్తారు, పీఎఫ్ లేదు. ఓర్వకల్లు వైపు సోలార్ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోర్స్‌లోకి రమ్మంటోంది, 22 వేలు ఇస్తామంటున్నారు.

మా ఆయనకు సెల్ షాపు ఉంది. పదింటికి తెరుస్తారు. ఈమధ్య గిరాకీ లేదు. ఈ ఉద్యోగం మాట ఎత్తితే "నీకెక్కడా నిలకడ లేదు, అదీ నాలుగు రోజుల ముచ్చటే" అంటారు. అత్తమ్మకు షుగరు, పొద్దున ఇన్సులిన్ నేనే వేయాలి. ఆమెదీ అదే మాట. మా తోడికోడలు గవర్నమెంటు టీచరు. పెళ్లిళ్లలో ఆమెను ఒకలా, నన్ను ఒకలా చూస్తారు. మొన్న చుట్టాలొచ్చినప్పుడు ఇంటర్ చదివే మా పాప "మా అమ్మ ఇప్పుడు ఏ ఉద్యోగం చేస్తోందో నాకే తెలీదు" అని నవ్వింది. ఆ రోజు నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. ఇంకో మాట. ట్యాలీ కోర్సుకు, పాప కాలేజీ ఫీజుకు మా అమ్మ పెట్టిన గాజులు తాకట్టు పెట్టాను. ఇంట్లో తెలీదు. ఆస్పత్రిలో ఉన్నప్పటి పీఎఫ్ డబ్బు తీసి షాపు అప్పుకు ఇమ్మని మా ఆయన అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఈ నిలకడ సంగతి చూద్దాం. మిల్లు మానింది పెళ్లి కోసం. అది పెద్దలంతా కూర్చుని ఒప్పుకున్న విషయమే కదా. స్కూల్లో మీరు పని మానలేదు, వాళ్లే జీతం మానేశారు. ఆ ఏడాది ఎంతోమంది ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్ముకున్నారు, ఉపాధి హామీ పనులకు పోయారు. వాళ్లనెవరూ నిలకడ లేనివాళ్లని అనలేదు, అయ్యో అన్నారు. ఇక మీ అంతట మీరు వదిలేసింది ఆస్పత్రి ఒక్కటే. దాని గురించి తర్వాత చెబుతాను.

మీ ఆయన షాపు సంగతి కూడా ఇదే. జనం రీచార్జులు ఫోన్లోనే చేసుకుంటున్నారు, షాపులో గిరాకీ పడిపోయింది. ఆయన దాన్ని కాలం మారిందంటారు. నిజమే, మారింది. అదే కాలం మీ స్కూలు జీతం ఆపేస్తే మాత్రం తప్పు మీ స్వభావం మీదికి వచ్చింది. ఈ మాట ఆయనతో పోట్లాటగా అనకండి. మీ మనసులో మాత్రం లెక్క సరిచేసుకోండి. ఎందుకంటే ఉత్తరం చదువుతుంటే ఇంట్లోవాళ్ల మాట మీరే సగం నమ్మేసినట్టు కనిపిస్తోంది.

రేపు మీరు పోబోయే ఓర్వకల్లునే చూడండి. తొంభైల్లో అక్కడి ఆడవాళ్లు పొదుపు సంఘాలు పెట్టి రూపాయి రూపాయి కూడబెట్టారు. కూలికి పోయినవాళ్లే గేదెలు కొన్నారు, పాలు పోశారు, కొట్లు పెట్టారు. వాళ్ల సమాఖ్య పిల్లల కోసం బడి కూడా పెట్టింది. ఒక పని నుంచి ఇంకో పనికి మారితేనే వాళ్ల బతుకులు ముందుకు నడిచాయి.

ఇప్పుడు స్టోర్స్ ఉద్యోగం. మీరు దీన్ని మీకు తెలియని కొత్త రంగం అనుకుని భయపడుతున్నారు. ఆదోని మిల్లులో మీరేం చేసేవారో ఒకసారి గుర్తు చేసుకోండి. పత్తి బండి వస్తుంది, కాటా వేస్తారు, చీటీ మీ చేతికొస్తుంది. బరువు, రేటు, తరుగు, ఎవరి సరుకు, ఎంత బాకీ అన్నీ పుస్తకంలో ఎక్కాలి. సాయంత్రానికి చీటీలకూ పుస్తకానికీ పొంతన కుదరాలి. సోలార్ స్టోర్స్‌లోనూ అంతే. లారీ వస్తుంది. చలానా చూసి ప్యానెళ్లు, కేబుల్ డ్రమ్ములు, నట్లు, బోల్టులు లెక్కపెట్టుకుని ఇన్‌వార్డ్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆర్డర్‌కూ బిల్లుకూ సరిపోయిందో లేదో చూడాలి. సైట్‌కు ఇచ్చిన ప్రతిదానికీ ఇష్యూ స్లిప్ ఉండాలి. ఒక్క జాగ్రత్త మాత్రం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. ప్యానెల్ అద్దం పగిలి వస్తే ఫోటో తీసి, లారీ రసీదు మీద ఆ సంగతి రాయించి, డ్రైవరు సంతకం పెట్టించుకోనిదే సరుకు దించుకున్నట్టు సంతకం చేయొద్దు. లేకపోతే ఆ నష్టం స్టోర్స్ మెడకు చుట్టుకుంటుంది.

ఆస్పత్రి పనీ ఊరికే పోలేదు. ఒక్క కాగితం తక్కువైతే ఆరోగ్యశ్రీ క్లెయిమ్ వెనక్కి వస్తుందని మీకు తెలుసు. గద్వాల నుంచి, రాయచూరు నుంచి వచ్చిన పేషెంట్ల చుట్టాలు కౌంటర్ దగ్గర అరుస్తుంటే నెమ్మదిగా సమాధానం చెప్పినవారు మీరు. ఆదోని మనిషి కాబట్టి కన్నడం ఎలాగూ వచ్చే ఉంటుంది. సోలార్ సైట్లలో ఉత్తరాది కూలీలు చాలామంది ఉంటారు, కాబట్టి కర్నూలు బజార్లో మాట్లాడే ఆ కాస్త హిందీ కూడా పనికొస్తుంది. బయోడేటాలో ఏ ఏడాది ఎక్కడ చేశారో రాసి వదిలేయకండి, ఈ పనులన్నీ రాయండి. దాన్ని మీ పాపతో టైపు చేయించండి. వాళ్లమ్మ ఏం చేస్తుందో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, తెలియక నవ్వింది. పద్దెనిమిదేళ్లు కూడా నిండని పిల్ల మాటకు అన్ని రాత్రులు నిద్ర పోగొట్టుకోవద్దు.

అలాగని కళ్లు మూసుకుని చేరిపొమ్మని చెప్పను. ఉద్యోగం ఇచ్చేది కాంట్రాక్టు కంపెనీ అన్నారు. అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. ఇది కన్‌స్ట్రక్షన్ పనా, లేక ప్లాంటు నడిచే మెయింటెనెన్స్ పనా అని అడగండి. గని, శకునాల అనే ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. కట్టేటప్పుడు ఇలాంటి చోట్ల వేలమంది పనిచేస్తారు. పని పూర్తయ్యాక ప్యానెళ్లు కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, కొద్దిమంది టెక్నీషియన్లు, సెక్యూరిటీ వాళ్లు మిగులుతారు. కట్టే పనికే మిమ్మల్ని తీసుకుంటే ప్రాజెక్టు అయిపోగానే మీ పనీ అయిపోవచ్చు. పిన్నాపురం వైపు కూడా పనులున్నాయి కదా, ఇది ముగిశాక ఇంకో సైట్‌కు మారుస్తారా అని అడగండి. ప్రాజెక్టు ఇంకా ఏడాదిన్నర, రెండేళ్లు ఉందంటే నా లెక్కలో చేరడమే మంచిది. మూడు నెలల్లో ముగిసేదైతే వద్దు. ఈ మాట ముందే ఇంట్లోనూ చెప్పి పెట్టండి. లేకపోతే ప్రాజెక్టు ముగిసిన రోజు మళ్లీ "చెప్పానా, నాలుగు రోజుల ముచ్చటే" అనే మాట పడాల్సి వస్తుంది.

జీతం విషయంలో ఒక మెలిక ఉంది. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, వర్తించాలంటే నెల జీతం 21 వేలు దాటకూడదు. మీకు 22 వేలు కాబట్టి ఈఎస్ఐ రాకపోవచ్చు, బదులుగా గ్రూప్ ఇన్సూరెన్స్ ఇస్తారా అడగండి. పీఎఫ్ కడతారా, జీతం బ్యాంకులో వేస్తారా, చేతికి ఎంత వస్తుంది, ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో ఉండాలి. అది చేతికి వచ్చేదాకా హార్డ్‌వేర్ షాపు సేటుతో మానేస్తానని అనకండి. వచ్చాక మాత్రం నెల రోజుల ముందు చెప్పి మర్యాదగా బయటికి రండి. ప్రతి నెలా 11కు, 20కి వేయాల్సిన జీఎస్టీ రిటర్నులు ఆదివారాలు వచ్చి చేసిపెడతానని చెప్పి చూడండి. కొత్త కంపెనీకి అభ్యంతరం లేకపోతే ఆ చేతిఖర్చు మీకు మిగులుతుంది, ఆయనకూ మనిషిని వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఆస్పత్రి నుంచి చెప్పకుండా వచ్చేశారు. అవమానం జరిగిన చోట ఉండనక్కర్లేదు, బయటికి రావడం తప్పని నేననను. కానీ మూడేళ్ల పనికి సర్టిఫికెట్ లేకుండా వచ్చేయడం వల్ల నష్టపోయింది మీరే. ఇప్పుడైనా వెళ్లి, ఆ మేనేజరు దగ్గరికి కాకుండా హెచ్.ఆర్. దగ్గరికి వెళ్లి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వమని రాసిచ్చి రండి. మీ పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం మానిన తేదీ ఎక్కిందో లేదో మీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌తో చూసుకోండి. వాళ్లు ఎక్కించకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే పోర్టల్‌లో పెట్టుకోవచ్చు.

ఆ డబ్బు షాపు అప్పుకు ఇవ్వాలా అంటే, వద్దు. మూడేళ్ల పీఎఫ్‌తో వ్యాపారం అప్పు తీరదు, కొన్నాళ్లు నోరు మూయించడానికి సరిపోతుంది, అంతే. పీఎఫ్‌లోని పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. మీకు మూడేళ్లు ఇప్పటికే ఉన్నాయి. పాత ఖాతాను కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే ఇంకో ఏడేళ్లు చాలు, 58 దాటాక నెలనెలా పెన్షన్ వస్తుంది. పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుంటే ఆ మూడేళ్లూ గల్లంతే. నలభైకి దగ్గరపడుతున్న మీకు ఆ మూడేళ్లు చిన్న విషయం కాదు.

మరి ఆయనకు సాయం చేయొద్దా అంటే, చేయండి, డబ్బు రూపంలో కాదు. ఒక ఆదివారం షాపు లెక్కలన్నీ ముందేసుకుని కూర్చోండి. కవర్లు, టెంపర్డ్ గ్లాసులు, రిపేర్లు, రీచార్జులు, వేటిలో ఎంత మిగులుతోందో విడివిడిగా రాయండి. ఏ సరుకు ఆరు నెలలుగా అలానే పడి ఉందో బయటపడుతుంది. ఊళ్లోవాళ్ల పద్దులు సరిచేసే మనిషి ఇంట్లోనే ఉండగా షాపు నష్టాలు అంచనా మీద నడుస్తున్నాయంటే నాకు విచిత్రంగా ఉంది. ఆయన మొదట ముఖం చిట్లిస్తారు. ఫర్వాలేదు.

గాజుల సంగతి మాత్రం ఇక దాచొద్దు. మీ అమ్మ పెట్టిన బంగారం మీ సొంతం, తాకట్టు పెట్టడానికి చట్టప్రకారం ఎవరి అనుమతీ అక్కర్లేదు. గడువు దాటితే వేలం నోటీసు ఇంటికే వస్తుంది, ఆ రోజు మీ ఆయన చేతిలో ఆ కవరు పడితే మీరు ఏం చెప్పినా వినరు. అందుకే ముందే చెప్పండి. అత్తమ్మ ముందు వద్దు, పిల్లల ముందు వద్దు. రసీదు పట్టుకుని కూర్చుని, అసలు ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, దేనికి వాడాను అనేవి చెప్పి ఆగండి. ఏడవొద్దు, తప్పయిపోయిందని పదిసార్లు అనొద్దు. కొత్త జీతంలో పెరిగే 8 వేలలో సగం ప్రతి నెలా గాజులకే కడతానని చెప్పండి. కోపం వస్తుంది. రానివ్వండి. ఆయన మిమ్మల్ని పీఎఫ్ అడుగుతున్నారు, మీరు ఆయన దగ్గర గాజులు దాచారు, ఇద్దరిదీ ఒకే డబ్బు ఇబ్బంది అని ఆ కోపం తగ్గాక తెలుస్తుంది.

అత్తమ్మకు మీ ఉద్యోగం మీద కోపం ఉందని నేననుకోను. పొద్దున ఇన్సులిన్ ఎవరు వేస్తారన్నదే ఆమె భయం. ఆ వయసులో చెప్పుకోవడానికి నామోషీ కాబట్టి నిలకడ లేదని తిడుతున్నారు. షాపు తెరిచేది పదింటికని మీరే రాశారు. కొడుకు ఇన్సులిన్ వేయడం నేర్చుకోవచ్చు, అందులో కష్టమేమీ లేదు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ముగ్గురూ వెళ్లి నర్సు చేత ఆయనకు నేర్పించండి. మీరింకా ఇంట్లో ఉన్న ఈ నెలలోనే ఆయన చేత వేయించడం మొదలుపెట్టండి.

తోడికోడలి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆమె పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది, మంచిదే. పెళ్లిలో ఎవరైనా "ఇప్పుడెక్కడ చేస్తున్నావు?" అంటే "ఫలానా చోట స్టోర్స్‌లో" అని చెప్పి అన్నం వైపు నడవండి.

నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించుకోండి, రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 టెలీ మానస్ నంబరు, ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.

చివరగా, ఒప్పుకునే ముందు ఒక మామూలు పనిరోజున సెలవు పెట్టి సైట్ చూసి రండి. ఓర్వకల్లు దాకా పాతిక కిలోమీటర్లే, 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మెయిన్ రోడ్డు నుంచి సైట్ లోపలికి కంపెనీ బండి ఉందా, సాయంత్రం ఆరు దాటితే ఎలా తిరిగొస్తారు, ఆడవాళ్లకు వేరుగా టాయిలెట్ ఉందా, ఇంకెవరైనా ఆడవాళ్లు పనిచేస్తున్నారా, వేధింపుల ఫిర్యాదు కమిటీలో ఎవరున్నారు, ఇవన్నీ కళ్లతో చూసి, అక్కడి వాళ్లను అడిగి తెలుసుకోండి. వీలైతే మీ ఆయన్ను కూడా వెంట తీసుకెళ్లండి.