సర్పంచ్‌ని గ్రూపులో కులం పేరుతో, బూతులతో తిడితే ఏ కేసు?

ప్రశ్న: ఎస్సీ మహిళకు రిజర్వ్ అయిన పంచాయతీలో సర్పంచ్‌గా గెలిచాను. ఊరి వాట్సాప్ గ్రూపులో కొందరు కులం ఎత్తి, నా గురించి బూతులు రాస్తున్నారు. స్టేషన్‌కి వెళ్తే "రాజకీయాల్లోకి వచ్చాక ఇవన్నీ మామూలేనమ్మా" అని పంపేశారు. ఏం చేయాలి?

జవాబు: అందరికీ జరుగుతోందన్నది నిజమేనమ్మా. 2019 ఎన్నికలప్పుడు 95 మంది మహిళా నేతలకు వచ్చిన ట్వీట్లను మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ పరిశీలిస్తే ఏడింటిలో ఒకటి అభ్యంతరకరమో, బూతో. అంతమాత్రాన నేరం కాకుండా పోదు.

మీ స్క్రీన్‌షాట్లు చూశాను, అన్నీ ఒకే గాటన కట్టకండి. "మోరీ పని సగంలో ఆపి బిల్లు ఎత్తారు" అన్నది ఎంత మండినా విమర్శే, దాన్ని ఫిర్యాదులో కలిపితే అవతలి లాయర్ కేసంతా రాజకీయ కక్ష అంటాడు. "రేటెంత" అని రాసినవాడి మీద బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 75 (లైంగిక వేధింపు), 79 (మహిళను అవమానించే మాటలు) పెట్టమనండి, మీరు ఎస్సీ అని తెలిసే రాశాడు కాబట్టి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం 3(1)(డబ్ల్యూ) కూడా. కులం ఎత్తి తిట్టినదానికి 3(1)(ఆర్), (ఎస్). ఒకే మెసేజ్‌లో రెండూ ఉంటే రెండూ అడగాలి, స్టేషన్లో ఏదో ఒకటి రాసి వదిలేద్దామని చూస్తారు.

కులదూషణకి నలుగురి కంట పడే చోటు అని చూపించాలి, అందుకే అన్ని కులాలవాళ్లూ ఉన్న ఆ గ్రూపు సభ్యుల లిస్టు జతచేయండి. ఇంకో చిక్కుంది. కేరళలో ఒక ఎస్సీ ఎమ్మెల్యే మీద వీడియో చేసిన యూట్యూబర్‌కి 2024లో సుప్రీంకోర్టు ముందస్తు బెయిల్ ఇస్తూ, తిట్టించుకున్న మనిషి ఎస్సీ అయితే చాలదు, కులం కారణంగా అవమానించే ఉద్దేశం కనపడాలంది. ఇలాంటి కేసులు ఎక్కువగా నీరుగారేది ఇక్కడే, కాబట్టి "నన్ను కించపరిచారు" అని సరిపెట్టకుండా, మొహమాటపడకుండా, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు తేదీ, టైమ్, నంబర్‌తో రాయండి.

"ముందు ఎంక్వైరీ చేస్తాం" అంటే అట్రాసిటీ చట్టం 18ఏ చూపించండి, ఎఫ్ఐఆర్‌కి ప్రాథమిక విచారణ అక్కర్లేదు. అయినా కేసు కట్టకపోతే రిజిస్టర్ పోస్టులో ఎస్పీకి పంపండి. స్టేషన్ రైటర్ అలవాటు కొద్దీ ఐటీ చట్టం 66ఏ (ఆన్‌లైన్లో అభ్యంతరకర మెసేజ్‌ల సెక్షన్) వేస్తానంటే మాత్రం వద్దనండి, సుప్రీంకోర్టు దాన్ని 2015లోనే కొట్టేసింది. తిట్టినవాడూ ఎస్సీ, ఎస్టీ అయితే అట్రాసిటీ వర్తించదు, బీఎన్ఎస్ సెక్షన్లే.

ఫోన్ మార్చకండి, మెసేజ్‌లు డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లతో పాటు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కూడా కోర్టు అడుగుతుంది. టెన్షన్‌గా ఉంటే గ్రూపు మ్యూట్‌లో పెట్టుకోండి గానీ బయటికి రాకండి, కోపంలో తిరిగి తిట్టకండి, కౌంటర్ కేసు కోసం కాచుక్కూర్చుని ఉంటారు.