లెన్స్ పక్కన మన మనిషి ఉండాలి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు నాలుగూ పెద్దవి చేసి చూశాను. దూరంగా ఉన్న పక్షుల్ని తీసే నికాన్ 200-500 జూమ్ లెన్స్, వాడినది, దాని పెట్టె, బిల్లు, హుడ్, అన్నీ ఉన్నాయి. అమ్మే మనిషి పుణెలో ఉంటాడట. 38 వేలకే ఇచ్చేస్తాడట. సాయంత్రంలోపు 5 వేలు అడ్వాన్సు వేస్తే నీకేనట, లేకపోతే ఇంకెవరో అడుగుతున్నారట. వేయకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఒక్క రూపాయి కూడా వేయకు.

కొల్లేరు దగ్గర ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టే వేళకు చేతిలో పెద్ద లెన్స్ ఉండాలని రెండేళ్ళుగా జీతంలోంచి దాచుకున్న డబ్బు అది. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే ఫోన్లో రెండు మాటలు చెప్పి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ధర సంగతి. ఇదే లెన్స్‌కి మిగతావాళ్ళు 60 వేలకు అటూ ఇటూగా అడుగుతున్నారని నువ్వే రాశావు. మరి ఇతను 22 వేలు ఎందుకు వదులుకుంటున్నాడు? బదిలీ అయిందని, అర్జెంటని చెప్పాడు. అంత అర్జెంటు డబ్బు కావాల్సినవాడు పుణెలోనే ఏదో ఒక కెమెరా కొట్టుకు పట్టుకెళ్తే అంతకన్నా ఎక్కువే ఇస్తారు కదా. బేరం ఆడకముందే ధర దిగిపోయిందంటే అది మనల్ని ఆలోచించనివ్వకుండా చేయడానికే. సాయంత్రంలోపు అన్న గడువూ అందుకే.

సైన్యంలో పనిచేస్తున్నానని చెప్పి, యూనిఫాం ఫోటో, ఆధార్, క్యాంటీన్ కార్డు పంపాడని రాశావు. ఈ వేషం చాలా ఏళ్ళుగా నడుస్తోంది. కంటోన్మెంటులోకి బయటివాళ్ళను రానివ్వరు కాబట్టి వచ్చి చూడడం కుదరదంటారు. సామాను ఆర్మీ పార్సిల్లో వస్తుందంటారు. ముందు అడ్వాన్సు, తర్వాత గేట్ పాస్‌కని, ఆ తర్వాత బీమాకని, జీఎస్టీకని, ప్రతిదీ తిరిగి ఇచ్చేస్తామంటూ కొంచెం కొంచెంగా లాగుతారు. మొదటి 5 వేలు పోయాక ఆ 5 వేలు కాపాడుకుందామని మనమే తర్వాతి 8 వేలు వేస్తాం. అసలు నష్టమంతా అక్కడే జరుగుతుంది. ఆ కార్డులు నిజమైనవే కావచ్చు, కానీ అతనివి కాకపోవచ్చు. ఇంతకుముందు మోసపోయిన ఎవరో నమ్మి పంపిన కార్డే ఇప్పుడు నీ ఫోన్లోకి వచ్చి ఉండొచ్చు. అందుకే నీ ఆధార్ కూడా ఎవరికీ పంపకు. దేశానికి కాపలా కాసే వాళ్ళ పేరు చెప్పి ఈ పని చేస్తారు చూడు, నాకు ఒళ్ళు మండుతుంది.

యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయక్కర్లేదు. ఆ రెండూ మన డబ్బు పోయేటప్పుడే. రీఫండ్ పంపుతున్నాను, పిన్ కొట్టమని ఎవరన్నా అంటే ఫోన్ పెట్టెయ్. పార్సిల్ ఎక్కడుందో చూసుకోవడానికని ఏదో యాప్ ఫైలు పంపితే తెరవకు. ఇంకో ముఖ్యమైన సంగతి. నీకు తెలియకుండా నీ ఖాతాలోంచి డబ్బు పోతే, వెంటనే చెబితే బ్యాంకుకు బాధ్యత ఉంటుంది. నువ్వే పిన్ కొట్టి పంపినది అలా కాదు. క్షణంలో వెళ్ళిపోతుంది, వెనక్కి లాగే మీట ఏదీ బ్యాంకు దగ్గర ఉండదు.

ఇదంతా దొంగల సంగతి. కానీ నేను నష్టపోయింది దొంగ చేతిలో కాదు, అమ్మలూ. చాలా మంచి మనిషి చేతిలో. అది నీకు వివరంగా చెప్పాలి.

2013లో కోల్‌కతా నుంచి ఒక పెద్దాయన దగ్గర 300 ఎఫ్4 లెన్స్ 41 వేలకు కొన్నాను. ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. రోజూ ఫోన్ చేసి మాట్లాడేవాడు. ఫోటోలు పంపాడు, అద్దాలు తళతళలాడుతున్నాయి. నాకు అనుమానమే రాలేదు. లెన్స్ వచ్చింది, ఇంట్లో నాలుగు ఫోటోలు తీసి మురిసిపోయాను. వారం తర్వాత తెల్లవారుజామున కోరంగి వెళ్ళి, మడ చెట్ల మీద సూర్యుడు లేస్తుండగా కొంగల్ని తీశాను. ప్రతి ఫోటో మీదా పాలు చల్లినట్టు తెల్లటి పొర. ఇంటికొచ్చి లెన్స్ వెనక నుంచి టార్చి వేసి చూస్తే లోపలి అద్దం అంచున సాలెగూడులా దారాలు. బూజు. ఆయన ఏళ్ళ తరబడి దాన్ని తోలు సంచిలో పెట్టి బీరువాలో భద్రంగా దాచాడు. ఆ తోలే తేమను పీల్చి పట్టి ఉంచింది. శుభ్రం చేయించడానికి 6 వేలు పైన అయింది. బూజు పోయింది కానీ, అది వదిలిన ఆమ్లం అద్దం మీది పూతను తినేసిన చోట మచ్చలు అలాగే ఉండిపోయాయి. సూర్యుడికి ఎదురుగా ఆ లెన్స్ ఇక పనికిరాలేదు. ఆయనకు ఫోన్ చేస్తే నిజంగా బాధపడ్డాడు. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. టార్చి వేసి చూపించమని నేను అడగలేదు, అంతే.

కాబట్టి అమ్మేవాడు మంచివాడని తేలినా నీ పని అయిపోనట్టే. వీడియో కాల్ అడుగు. చీకటి గదిలో, మూతలు రెండూ తీసి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఫోన్ పెట్టమను. దుమ్ము రేణువులు నాలుగు కనబడితే కంగారు పడకు, ప్రతి పాత లెన్స్‌లోనూ ఉంటాయి. దారాల్లాంటివీ, పొగ పట్టినట్టుండే మసకా కనబడితే వదిలెయ్. తర్వాత వెనక, కెమెరాకు తగిలించే మౌంటు దగ్గరి మరల తలలు దగ్గరగా చూపించమను. వాటి మీద గీతలుంటే ఎవరో విప్పారని అర్థం. ఎందుకు విప్పారో అడుగు, జవాబు చెప్పే తీరు విను. సీరియల్ నంబరు లెన్స్ మీదా, పెట్టె మీదా, బిల్లులోనూ ఒకటే ఉండాలి. బిల్లిచ్చిన కొట్టుకు ఫోన్ చెయ్, అయితే బిల్లు మీదున్న నంబరుకు కాదు. ఆ కొట్టు నంబరు నువ్వే వెతుక్కుని చెయ్. బిల్లు విదేశానిదైతే ఇక్కడి కంపెనీ వారంటీ దానికి వర్తించదని గుర్తుంచుకో, ఆ మేరకు ధర తగ్గాలి.

లెన్స్ కెమెరాకు తగిలించి తీసిన ఫోటోలు కూడా కావాలి. వార్తాపత్రిక పేజీని గోడకు అంటించి, స్టాండు మీద పెట్టి, జూమ్ 500 దాకా లాగి, ఎఫ్5.6లో, అంటే లెన్స్ కన్ను పూర్తిగా తెరిచి, తీయమను. నాలుగు మూలల్లోనూ అక్షరాలు ఒకేలా ఉండాలి. ఒక మూల బాగా అలికినట్టుంటే లోపల ఏదో అద్దం పక్కకు జరిగి ఉండొచ్చు, బహుశా ఎప్పుడో కింద పడి ఉంటుంది. ఆ ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపమను. లేకపోతే ఫోటో నలిగిపోయి వస్తుంది, లోపలి వివరాలు చెరిగిపోతాయి. నికాన్ బాడీ, అంటే లెన్స్ లేని కెమెరా, కొనేటప్పుడైతే ఫోటో అసలు ఫైల్లో షట్టర్ ఎన్నిసార్లు పడిందో కూడా ఉంటుంది. డీ500 కెమెరా షట్టర్‌ను 2 లక్షల సార్లకు పరీక్షించారు. లక్షా 80 వేలు తిరిగినదాన్ని కొత్తదానిలా అమ్మజూస్తే ఆ అంకెతోనే పట్టుకోవచ్చు. నీ డీ7200 కెమెరా మీద ఈ లెన్స్ బాగానే పనిచేస్తుంది. డీ90 లాంటి పాత బాడీల మీదైతే సరిగా పనిచేయదు, నీ స్నేహితులెవరైనా అడిగితే చెప్పు.

ఇన్ని చేసినా, డబ్బు పంపే ముందు చేయవలసిన అసలు పని ఇంకోటి ఉంది. ఆ ఊళ్ళో మన మనిషి ఒకరు వెళ్ళి ఆ లెన్స్ పట్టుకుని చూడాలి. పక్షుల్ని చూసేవాళ్ళలో ఒక మంచితనం ఉంది, అమ్మలూ. ఏ ఊరికి వెళ్ళినా ఉదయం అయిదింటికి చెరువు గట్టున నిలబడే నలుగురు దొరుకుతారు. ఇప్పుడు నా దగ్గరున్న లెన్స్ కోయంబత్తూరులోది. అమ్మే ఆయన్ను నేను ఈనాటికీ చూడలేదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో ఒకసారి కలిసిన ఒక డాక్టరమ్మ ఆదివారం తన కెమెరా పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళి, గంటసేపు డాబా మీద కాకుల్ని తీసి, ఆ ఫోటోలు నాకు పంపి, ఫోకస్ మోటారు కీచుమంటోందా లేదా అని చెవి పెట్టి విని, బాగుందని చెప్పాక, ఆవిడ అక్కడ నిలబడి ఉండగానే నేను డబ్బు వేశాను. ఇంట్లోవాళ్ళు ఆవిడకు కాఫీ ఇచ్చారట. ఇల్లు ఉంది, ఇంట్లో మనుషులున్నారు, లెన్స్ ఉంది. ఇంతకన్నా పెద్ద రుజువు ఏ కార్డూ ఇవ్వలేదు. నిజంగా అమ్మేవాడికి ఇలా ఒకరు వస్తామంటే అభ్యంతరం ఉండదు. వద్దన్నాడంటే నీ 5 వేలూ మిగిలినట్టే.

మనిషి దొరక్కపోతే రైలెక్కి నువ్వే వెళ్ళు, ఒంటరిగా కాకుండా ఎవరినైనా తోడు తీసుకుని. పగలు, నలుగురు తిరిగే చోట కలవండి.

కొరియర్ గురించి క్లుప్తంగా చెబుతాను. విలువ రాయించి బీమా కట్టించమను, లేకపోతే పోయినప్పుడు వాళ్ళిచ్చేది నామమాత్రం. ఈ లెన్స్ స్టాండుకు బిగించే కాలర్‌తో కలిపి 2.3 కిలోలు. ప్యాకింగుతో మూడు కిలోలైనా తూగాలి. రసీదు మీద 900 గ్రాములని ఉంటే అప్పుడే ఫోన్ చెయ్. పార్సిల్ మీది చిరునామా కనబడేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా వీడియో తీస్తూ విప్పు. ఆ రోజే అన్ని పరీక్షలూ చెయ్, నాలా వారం ఆగకు. సందేహముంటే కోఠి గుజరాతీ గల్లీలో కెమెరాలు బాగుచేసేవాళ్ళకు చూపించు.

ఒకవేళ ఈపాటికే డబ్బు పంపేసి ఉంటే, నాకు చెప్పడానికి సిగ్గుపడకు. నాకంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్. లావాదేవీ తాలూకు 12 అంకెల నంబరు దగ్గర పెట్టుకో. ఆ డబ్బు ఇంకా అవతలి ఖాతాలోనే ఉంటే ఆపగలుగుతారు, చేతులు మారిపోయాక కష్టం. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు రాయి. అతనితో ఇక మాట్లాడకు కానీ సందేశాలు చెరపకు. డబ్బు వెనక్కి ఇప్పిస్తామని ఎవరో ఫోన్ చేసి ఫీజు అడుగుతారు, వాళ్ళకీ ఒక్క పైసా ఇవ్వకు.

ఒకటి అడగనా? ఆ 2.3 కిలోలు నువ్వు మోయగలవో లేదో కొనకముందే చూసుకో. హైదరాబాద్‌లో లెన్స్‌లు అద్దెకిస్తారు. శని, ఆదివారాలు తీసుకుని అమీన్‌పూర్ చెరువు దగ్గర తిరుగు. భుజం ఏమంటుందో సోమవారం తెలుస్తుంది.

పుణెలో నాకు తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు. ఆ మనిషి ఉండే పేట పేరు అడిగి నాకు రాత్రిలోగా చెప్పు. ఆదివారం ఒకరు వెళ్ళి చూస్తారు. ఈలోగా అది అమ్ముడుపోతే పోనీ. గూడబాతులు మార్చి దాకా ఆటపాకలోనే ఉంటాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు నా లెన్స్ తీసుకెళ్ళు, నీది దొరికేదాకా నీ దగ్గరే ఉంచుకో. సిలికా జెల్ సంచులు కొత్తవి వేసి సిద్ధంగా ఉంచాను.

మీ మావయ్య
కాకినాడ