ఇళ్లలో చెదల మందు కొట్టడానికి వ్యవసాయ శాఖ లైసెన్సు ఎందుకు?

ప్రశ్న: మాది విజయనగరం. బి.ఎ. చదివాను. విశాఖపట్నంలో ఒక పెస్ట్ కంట్రోల్ సంస్థలో ఆరేళ్లు పనిచేసి, ఏడాది కిందట ఇక్కడ సొంతంగా పని మొదలుపెట్టాను. నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. నగరపాలక సంస్థ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు ఉంది. ఈమధ్య ఒక అపార్ట్‌మెంట్ సంఘం వారు వ్యవసాయ శాఖ లైసెన్సు చూపించమన్నారు. మేము పొలాల్లో మందు కొట్టడం లేదు కదా! తెలిసిన ఒకాయన, నెలకు కొంత ఇస్తే తన లైసెన్సు వాడుకోవచ్చంటున్నారు. శ్రీకాకుళంలో కూడా పని పెట్టాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ సంఘం వారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది. మందు పొలంలో కొట్టారా, పడకగదిలో కొట్టారా అని అది చూడదు. మందు తయారుచేసేవారితో, అమ్మేవారితో పాటు, డబ్బు తీసుకుని పురుగుల నివారణ పనులు చేసేవారికి కూడా లైసెన్సు కావాలని దాని 13వ సెక్షన్ చెబుతోంది. లైసెన్సు ఇచ్చేది వ్యవసాయ శాఖ అధికారి. మన ఇంట్లో మనం బొద్దింకల మందు కొట్టుకుంటే ఈ చట్టం వర్తించదు, 38వ సెక్షన్ ఆ మినహాయింపు ఇచ్చింది. అదే పని పక్కింట్లో కూలికి చేస్తే మినహాయింపు పోతుంది. ట్రేడ్ లైసెన్సు మీరు ఆ చిరునామాలో వ్యాపారం చేసుకోవడానికి మాత్రమే. విషాన్ని వాడే అనుమతి అందులో లేదు.

మీకు అసలు చిక్కు డిగ్రీతో వస్తుంది. 1971 నాటి నిబంధనల ప్రకారం ఈ పని చేసే సంస్థలో వ్యవసాయ శాస్త్రంలో గానీ, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్సులో గానీ పట్టభద్రుడైన వ్యక్తి ఉండాలి. ఆయన కనీసం 15 రోజుల శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ శిక్షణ ఇచ్చే గుర్తింపు పొందిన సంస్థల్లో మనకు దగ్గరిది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ కూడా ఉంది. మీ ఆరేళ్ల అనుభవాన్ని ఈ నిబంధన లెక్కలోకి తీసుకోదు. అది మీకు కష్టంగా అనిపిస్తుందని నాకు తెలుసు. కానీ ఏ మందు ఏ మోతాదులో ప్రాణాల మీదకు తెస్తుందో, విరుగుడు ఏమిటో తెలిసిన మనిషి ఒకరు ఉండాలన్న పట్టుదల సరైనదేనని నా అభిప్రాయం. ఆ మనిషి మీరే కానక్కర్లేదు. మన రెండు జిల్లాల్లో కెమిస్ట్రీతో బీఎస్సీ చేసి, ఉద్యోగం కోసం విశాఖ బస్సెక్కే పిల్లలు ఎంతోమంది ఉన్నారు. ఒకరిని జీతానికి తీసుకుని శిక్షణకు పంపండి. ఆ ఖర్చును మీ వ్యాపారానికి పెట్టుబడిగా చూడండి.

ఆ పెద్దమనిషి ఇస్తానన్న లైసెన్సు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. లైసెన్సు ఆయనకిచ్చిన అనుమతి, మీకు బాడుగకు ఇవ్వడానికి అదేమీ సైకిలు కాదు. రేపు ఏ ఇంట్లోనైనా పసిపిల్లకు వాంతులైతే, పోలీసులు అడిగే మొదటి ప్రశ్న 'మందు కొట్టింది ఎవరు' అని. అప్పుడు ఆయన లైసెన్సు మిమ్మల్ని కాపాడదు, ఆయనను కూడా మీతోపాటు ముంచుతుంది. విషపదార్థాన్ని నిర్లక్ష్యంగా వాడడం భారతీయ న్యాయ సంహిత 286వ సెక్షన్ కింద నేరం. నిర్లక్ష్యం వల్ల ప్రాణమే పోతే 106వ సెక్షన్, అయిదేళ్ల వరకు జైలు. వినియోగదారుల కమిషన్‌లో పరిహారం కేసు దీనికి అదనం. నిజాయితీగా పోయే దారి వేరే ఉంది. లైసెన్సు ఉన్న సంస్థే పని ఒప్పుకుని, రసీదు తన పేరున ఇచ్చి, తన నిపుణుడి పర్యవేక్షణలో మిమ్మల్ని సిబ్బందిగా పెట్టుకోవచ్చు.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్పాలి. మీ గదిలో ఉన్న డబ్బాలను ఈరోజే ఒకసారి చూడండి. చాలామంది టెక్నీషియన్లు బొద్దింకలకు అలవాటుగా వాడే డైక్లోర్‌వాస్‌ను కేంద్రం 2018 ఆగస్టు నాటి ఉత్తర్వుతో నిషేధించింది, ఆ నిషేధం 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఉంటే వాడవద్దు. ఎలుకలకని, బియ్యం బస్తాల పురుగుకని అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇళ్లలో పెట్టమని అడిగేవారు ఉంటారు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. అది తలుపు సందుల్లోంచి పక్క గదిలో నిద్రపోయేవారి దాకా పోతుంది, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. వాటిని సామాన్యులకు అమ్మడంపైనే ఆంక్షలున్నాయి. పలాస జీడిపప్పు కర్మాగారాల నుంచో రైస్ మిల్లుల నుంచో ఫ్యూమిగేషన్ (విషవాయువు పట్టి పురుగులను చంపడం) పని వస్తే, దానికి అర్హతలు మరింత కఠినం. ఇప్పుడప్పుడే ఒప్పుకోకండి. చెదలకు కూడా ఆ పనికి నమోదైన మందునే, లేబుల్‌పై రాసిన మోతాదులోనే వాడాలి. పొలం మందు చౌకగా దొరికిందని గోడల్లో పోయకూడదు.

మీ దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్ల గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది. నిబంధనల్లో వారి గురించి చాలా ఉంది. పనిలో పెట్టుకునే ముందు వైద్య పరీక్ష చేయించాలి, ఆ తర్వాత కూడా గడువు ప్రకారం చేయిస్తుండాలి. చేతి తొడుగులు, బూట్లు, ముఖానికి తగిన మాస్కు, ప్రథమ చికిత్స సామగ్రి మీరే ఇవ్వాలి. మూతికి తువ్వాలు కట్టుకుంటే అది మాస్కు కాదు. మందులను తాళం వేసిన వేరే అల్మరాలో ఉంచాలి. ఖాళీ డబ్బాలను పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పూడ్చాలి. పంపు కడిగిన నీళ్లు పెద్దచెరువులోకో నాగావళిలోకో పోకూడదు.

శ్రీకాకుళం సంగతి: లైసెన్సు మీరు దరఖాస్తులో చూపిన చోటుకే వర్తిస్తుంది. అక్కడ కార్యాలయం, మందుల నిల్వ పెడితే విడిగా దరఖాస్తు చేయండి. ముందు విజయనగరంలో నిలదొక్కుకోవడం మంచిది. జీఎస్టీ నమోదు ఏడాదికి 20 లక్షల రూపాయల ఆదాయం దాటాక వస్తుంది. కార్మిక శాఖలో దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు కూడా చూసుకోండి.

దరఖాస్తుకు జిల్లా వ్యవసాయ అధికారి కార్యాలయానికి వెళ్లండి. నిపుణుడి డిగ్రీ, శిక్షణ సర్టిఫికెట్, మందులు ఉంచే గది పత్రాలు పట్టుకెళ్లండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, 15వ సెక్షన్ కింద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. లైసెన్సు చేతికొచ్చేదాకా మందు పని ఆపండి. చట్టం లైసెన్సు అడిగేది పురుగుమందు వాడే పనికే. ఎలుకల బోనులు పెట్టడం, కన్నాలు, పగుళ్లు మూయడం వంటివి ఈలోగా చేసుకోవచ్చు. పాము వచ్చిందని ఎవరైనా పిలిస్తే మాత్రం అటవీ శాఖకు చెప్పమనండి, అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న జీవులు. అపార్ట్‌మెంట్ సంఘం వారికి ఉన్నమాట ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: లైసెన్సుకు దరఖాస్తు చేస్తున్నానని, అది వచ్చాకే మందు కొడతానని.