కేసుల లెక్క చేతికి తీసుకుంటున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

వ్యాధుల నిఘా విభాగంలో నీకు కరోనా సమాచారం అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. 2020 నుంచి దేశంలో సంక్రమణ ఎక్కడ ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో జిల్లాలవారీగా ఒక వరుసలోకి తేవడం, ఇకమీదట వచ్చే మార్పులనూ అందులోనే గమనిస్తూ పోవడం నీ పని అని అర్థమైంది. ఉద్యోగకాలమంతా ప్రజారోగ్య గణాంకాలతోనే గడిపినవాడిని కాబట్టి, నువ్వు మొదటి పట్టిక తెరవక ముందే కొన్ని విషయాలు వివరంగా రాయాలనిపించింది.

అన్నిటికంటే ముందు మనసులో స్థిరపరచుకోవలసింది ఒకటుంది. ప్రభుత్వం రోజూ ఇచ్చిన బులెటిన్‌లో కనిపించే కేసుల సంఖ్య జబ్బు ఎంత ఉందో నేరుగా చెప్పదు. ఎంతమందికి సోకింది, వారిలో ఎంతమందిని మనం పరీక్షించి గుర్తించగలిగాం అనే రెండు విషయాలు ఆ ఒక్క అంకెలో కలిసిపోయి ఉంటాయి. ఆ రెంటినీ విడదీయడమే నీ అసలు పని. మిగిలినదంతా కూడికలు, తీసివేతలే కాబట్టి కంప్యూటర్ చూసుకుంటుంది.

2021 జులై చివర దేశంలో రోజూ నమోదయ్యే కేసుల్లో సగం దాకా ఒక్క కేరళ నుంచే వచ్చేవి. ఆ రోజుల్లో కేరళ విఫలమైందని చాలామంది తీర్మానించేశారు. అదే సమయంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నాలుగో సీరో సర్వే, అంటే రక్తపరీక్షలతో ఎంతమందికి యాంటీబాడీలున్నాయో చూసే సర్వే, ఫలితాలు వెలువడ్డాయి. రక్తంలో యాంటీబాడీలు ఉన్నవారు దేశం మొత్తం మీద 67.6 శాతం ఉండగా కేరళలో 44.4 శాతమే ఉన్నారు, సర్వే జరిగిన రాష్ట్రాలన్నిటిలోకీ అదే అతి తక్కువ. మధ్యప్రదేశ్‌లో అది 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70.2, తెలంగాణలో 63.1. అంటే కేసులు ఎక్కువ చూపిన రాష్ట్రంలో అప్పటివరకు వ్యాధి సోకినవారి వంతు తక్కువగా ఉంది. అక్కడ సోకినవారిలో మిగతా చోట్ల కంటే ఎక్కువమందిని పరీక్షలు పట్టుకున్నాయి, ఇంకా సోకనివారు ఎక్కువమంది మిగిలి ఉన్నందువల్ల వ్యాప్తి మరికొంతకాలం సాగింది. ఈ రెండు కారణాలనూ పక్కన పెట్టి రాష్ట్రాలకు ర్యాంకులు కట్టినవారు జనాన్ని తప్పుదోవ పట్టించారనే నా నిశ్చితాభిప్రాయం. నీ పట్టిక నుంచి అటువంటి ర్యాంకు ఏదీ బయటకు వెళ్లకుండా చూసుకో.

కనుగొనే సామర్థ్యం రాష్ట్రానికి రాష్ట్రానికి మధ్యనే కాదు, కాలాన్ని బట్టి కూడా మారుతుంది. 2020 మే, జూన్ నెలల్లో జరిగిన మొదటి సీరో సర్వేలో పెద్దవారిలో 0.73 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. బయటపడిన ఒక్కో కేసుకు అప్పట్లో 82 నుంచి 130 దాకా సంక్రమణలు జరిగి ఉంటాయని ఆ సర్వే అంచనా కట్టింది. పరీక్షా కేంద్రాలు పెరిగిన కొద్దీ ఆ నిష్పత్తి మారుతూ వచ్చింది. కాబట్టి 2020 మేలోని వెయ్యి కేసులనూ 2021 మేలోని వెయ్యి కేసులనూ ఒకే కొలతగా తీసుకుని ఒకే గీత మీద పోల్చడం కుదరదు. సీరో సర్వేలకూ హద్దులున్నాయి. అవి 70 జిల్లాల నమూనాలు, మన వైపు నుంచి కృష్ణా, నెల్లూరు, విజయనగరం, జనగామ, కామారెడ్డి, నల్లగొండ వాటిలో ఉన్నాయి. పైగా నాలుగో విడత నాటికి టీకాల వల్ల వచ్చిన యాంటీబాడీలు కూడా లెక్కలో చేరాయి. అయితే టీకా వేయించుకోనివారిలో సైతం 62.3 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయన్న సంగతి చూస్తే రెండో దశ ఎంత విస్తారంగా పాకిందో తెలుస్తుంది.

ఇక పాజిటివిటీ రేటు. వంద పరీక్షల్లో ఎన్ని పాజిటివ్ వచ్చాయన్న ఈ లెక్క కేసుల సంఖ్య కంటే మెరుగైనదే. ఒక జిల్లాలో సోమవారం 2,000 పరీక్షలు చేస్తే 100 పాజిటివ్ వచ్చాయనుకో, గురువారం 4,000 చేస్తే 160 వచ్చాయనుకో. కేసులు 60 శాతం పెరిగాయని పత్రికలు రాస్తాయి, కాని రేటు 5 నుంచి 4 శాతానికి దిగింది. పద్నాలుగు రోజులపాటు 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పిన గీటురాయిని మన అధికారులందరూ పట్టుకున్నది ఇందుకే. అయినా ఈ రేటును గుడ్డిగా నమ్మవద్దు. 2020 జూన్‌లో ర్యాపిడ్ యాంటిజెన్ కిట్లు వచ్చాక నిమిషాల్లో ఫలితమిచ్చే ఆ పరీక్షలనూ ల్యాబులో చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్షలనూ కలిపేసి ఒకే భాజకంగా (రేటు కట్టడానికి భాగించే సంఖ్యగా) వాడిన బులెటిన్లు ఎన్నో ఉన్నాయి. యాంటిజెన్ పరీక్ష వైరస్ ఉన్నవారిలో కొందరిని వదిలేస్తుంది కాబట్టి వాటి వాటా పెంచిన జిల్లాలో వ్యాధి తగ్గకపోయినా రేటు తగ్గినట్టు కనిపిస్తుంది. లక్షణాలుండి యాంటిజెన్‌లో నెగటివ్ వచ్చినవారికి మళ్లీ ఆర్‌టీపీసీఆర్ చేయాలన్న నిబంధన వల్ల ఒకే మనిషి రెండు పరీక్షలుగా లెక్కలోకి వచ్చాడు. విమానాశ్రయంలో, శస్త్రచికిత్సకు ముందు చేసిన పరీక్షలు వేరు, జ్వరంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చినవారికి చేసినవి వేరు. రెండు రకాల పరీక్షలనూ విడివిడిగా ఇచ్చిన రాష్ట్రాలకు రెండు నిలువు వరుసలు పెట్టు, ఇవ్వని చోట ఖాళీ వదిలెయ్యి, అంచనాతో నింపవద్దు.

నియమాలు మారిన తేదీలకు ఒక ప్రత్యేకమైన పుట తెరిచి పెట్టుకో. నా దృష్టిలో నీ పట్టికలోని అంకెలంత విలువ ఆ పుటకూ ఉంది. 2021 మేలో ఇంట్లోనే చేసుకునే పరీక్షా కిట్లకు అనుమతి వచ్చింది, వాటిలో పాజిటివ్ వచ్చినవారందరూ ఆ సంగతి నమోదు చేయలేదు. 2022 జనవరి 10న ఐసీఎంఆర్ ఇచ్చిన సూచనల ప్రకారం లక్షణాలు లేనివారికి, రోగిని కలిసినవారిలో ముప్పు ఎక్కువగా లేని కాంటాక్టులకు పరీక్ష అవసరం లేదన్నారు. ఒమిక్రాన్ ఉద్ధృతంగా ఉన్న వారాల్లోనే ఈ మార్పు వచ్చింది, ఆ నెల 20 ప్రాంతంలో దేశవ్యాప్తంగా రోజుకు దాదాపు మూడున్నర లక్షల కేసులు నమోదయ్యాయి. రెండో దశ శిఖరం 2021 మే తొలివారంలో 4,14,188. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఒమిక్రాన్ కొంచెం తక్కువగా పాకిందని ఎవరైనా అంటే, పరీక్షల నిబంధన మారిన తేదీ చూపించి ఆ పోలిక నిలవదని చెప్పాలి.

దేశం మొత్తానికి ఒకే గీత గీయడంలో ఉన్న ప్రమాదం 2021 ఫిబ్రవరిలో అనుభవమైంది. ఆ నెల మొదట్లో దేశంలో రోజుకు పది వేల చొప్పున మాత్రమే కేసులు వస్తున్నాయి, అంతకు ముందు సెప్టెంబరులో 97 వేలు దాటిన గీత నేలకు ఆనుకున్నట్టు కనిపించింది. అదే సమయంలో మహారాష్ట్ర విదర్భలోని అమరావతి, అకోలా జిల్లాల్లో కేసులు వేగంగా ఎక్కుతున్నాయి. నెల చివరి వారంలో అమరావతిలో లాక్‌డౌన్ పెట్టవలసి వచ్చింది. మిగతా రాష్ట్రాల్లో తగ్గుతున్న కేసులు ఈ పెరుగుదలను దేశపు మొత్తంలో కప్పేశాయి. అందువల్ల ఎప్పుడూ జిల్లా గీతలనే ముందు చూడు, మొత్తాన్ని చివర చూడు. చూసేటప్పుడు సంఖ్యను కాక వేగాన్ని చూడాలి. ఈ వారపు రోజువారీ సగటును పోయిన వారపు సగటుతో భాగించు. ఆ భాగఫలం 1.4 గా నిలకడగా ఉంటే కేసులు రెండు వారాలకు ఒకసారి రెట్టింపవుతున్నాయని అర్థం, రోజుకు ముప్పై కేసులే వస్తున్న జిల్లా అయినా వెంటనే పై అధికారికి చెప్పవలసిన సంగతి అది. లాగ్ స్కేలు (ఒక్కో సమాన మెట్టు పది రెట్ల పెరుగుదలను చూపే కొలత) మీద గీస్తే ఇటువంటి పెరుగుదల వంపు లేని తిన్నని గీతగా కంటికి కనబడుతుంది, మామూలు స్కేలు మీద ఆలస్యం అయ్యాక గాని కనబడదు.

వారపు సగటు ఎందుకంటే ఆదివారాలు, పండుగ రోజులు పరీక్షలు తగ్గుతాయి, వాటి ఫలితాలు వచ్చే రోజున కేసులు పడిపోయినట్టు కనిపిస్తాయి. ఏడు రోజులు తీసుకుంటే అన్ని వారాలూ సమంగా ఉంటాయి. ఇంకొక సంగతి, ఈ రోజు బులెటిన్‌లోని కేసు ఈ రోజు సోకినది కాదు. వైరస్ సోకి లక్షణాలు కనిపించడానికి, ఆ మనిషి పరీక్షకు రావడానికి, ఫలితం పోర్టల్‌లోకి ఎక్కడానికి కలిపి వారం నుంచి పది రోజులు పడుతుంది. మరణాలు ఇంకా రెండు మూడు వారాలు వెనుక నడుస్తాయి.

మరణాల వరుసను ప్రత్యేకమైన జాగ్రత్తతో చూడు, ఎందుకంటే అక్కడ ప్రతి అంకె వెనుక ఒక కుటుంబం ఉంది. 2021 జూన్ 10న దేశంలో 6,148 మరణాలు నమోదయ్యాయి. ఆ ఒక్క రోజు అంతమంది పోలేదు, బిహార్ ప్రభుత్వం పాత లెక్కలు సరిచూసి 3,951 మరణాలను ఒకేసారి చేర్చింది. వాటిని ఆ తేదీ మీద ఉంచితే లేని శిఖరం ఒకటి పుడుతుంది, తీసేస్తే చనిపోయినవారు లెక్కలోనే లేకుండా పోతారు. మొత్తంలో ఉంచి, రోజువారీ గీత నుంచి తప్పించి, పక్కన వివరణ రాయడమే సరైన పద్ధతి. సుప్రీంకోర్టు ఆదేశాల తరువాత బాధిత కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం ఇవ్వడం మొదలైనప్పుడు తెలంగాణ, గుజరాత్ సహా కొన్ని రాష్ట్రాల్లో బులెటిన్‌లోని మరణాల కంటే ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చాయి. 2020, 21 సంవత్సరాల్లో భారతదేశంలో అదనపు మరణాలు (మామూలుగా ఆశించే వాటికి మించినవి) సుమారు 47 లక్షలని 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది, ఆ పద్ధతిని మన ప్రభుత్వం అంగీకరించలేదు. నువ్వు ప్రభుత్వోద్యోగివి కాబట్టి ఏ అంకె ఎవరిదో, ఏ పద్ధతిలో వచ్చిందో స్పష్టంగా రాసి ప్రభుత్వ లెక్కనూ ఈ అంచనానూ రెంటినీ ఉంచు. ఒకదాన్ని దాచడం నీ పని కాదు.

పరీక్షకు వచ్చినవారి మీద ఆధారపడకుండా సంక్రమణను కొలిచిన దేశం ఒకటుంది, ఆ పద్ధతి తెలుసుకోవడం నీకు ఉపయోగం. బ్రిటన్‌లోని జాతీయ గణాంక కార్యాలయం 2020 వసంతం నుంచి 2023 మార్చి దాకా యాదృచ్ఛికంగా ఎంచిన ఇళ్లవారి నుంచి, లక్షణాలున్నా లేకున్నా, క్రమం తప్పకుండా నమూనాలు తీసుకుంది. 2022 ఏప్రిల్ 1న ఇంగ్లాండులో ఎక్కువమందికి ఉచిత పరీక్షలు ఆపేశారు. ఆ తరువాత రోజువారీ కేసుల సంఖ్యకు అర్థం లేకుండా పోయింది, కాని ఆ రోజుల్లో ప్రతి 13 మందిలో ఒకరికి వైరస్ ఉందన్న సంగతి సర్వే ద్వారా తెలుస్తూనే ఉంది. మన దగ్గర అటువంటి నిరంతర సర్వే నడవలేదు. అయితే హైదరాబాదులో 2020 ఆగస్టులో అక్కడి పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాల నమూనాలు పరీక్షించి, 35 రోజుల వ్యవధిలో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని లెక్కగట్టారు. పరీక్షలు దాదాపు ఆగిపోయిన ఈ కాలంలో మురుగునీటి ఫలితాలు, ఆసుపత్రుల్లో చేరే తీవ్ర శ్వాసకోశ వ్యాధి కేసులు, వాటి నమూనాల జన్యు విశ్లేషణ నీకు ప్రధాన ఆధారాలు. భూగర్భ డ్రైనేజీ లేని పల్లెల విషయంలో మురుగునీరు ఏమీ చెప్పదన్నది మాత్రం గుర్తుంచుకో.

ఫైళ్ల విషయంలో చాదస్తంగానే ఉండు. 2020 అక్టోబరులో ఇంగ్లాండులో 15,841 కేసులు జాతీయ లెక్కలో చేరకుండా పోయాయి, కారణం పాత ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టకపోవడం. ఆ కేసుల కాంటాక్టులను వెతకడం కూడా అన్ని రోజులు ఆలస్యమైంది. దిగుమతి చేసిన ప్రతిసారీ మూలంలో ఎన్ని వరుసలున్నాయో, నీ పట్టికలోకి ఎన్ని వచ్చాయో సరిచూడు. అసలు బులెటిన్‌ను వచ్చినది వచ్చినట్టుగా దాచిపెట్టు, దాని మీద చెయ్యి వెయ్యకు, దిద్దుబాట్లన్నీ వేరే ప్రతిలో చెయ్యి. దేశంలో జిల్లాల లెక్కలను ఒకచోట చేర్చిన స్వచ్ఛంద బృందం 2021 అక్టోబరు 31తో ఆ పని ఆపింది కాబట్టి తరువాతి కాలానికి రాష్ట్రాల బులెటిన్లే వెతుక్కోవాలి.

జిల్లాల సరిహద్దుల దగ్గర నీకు ఎక్కువ శ్రమ ఉంటుంది. మన దగ్గర ఉన్నది 2011 జనాభా లెక్కలు. తెలంగాణ అప్పటి 10 జిల్లాల నుంచి 33 అయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత తూర్పు గోదావరి జనాభా 51 లక్షల పైచిలుకు ఉండగా, కాకినాడ, కోనసీమ వేరైన తరువాత అదే పేరుతో మిగిలిన జిల్లా అందులో సగం కూడా లేదు. పేరు చూసి గీత కలిపేస్తే ఆ రోజున అక్కడ వ్యాధి ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. తెలంగాణ బులెటిన్‌లో జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) అని ఉన్న వరుసను హైదరాబాద్ జిల్లాగా తీసుకోకు, అప్పట్లో ఆ నగరపాలక పరిధి రంగారెడ్డి, మేడ్చల్ వైపు కూడా వ్యాపించి ఉండేది. మండలాల జనాభాను కూడి, కేసుల రేటు కట్టడానికి కొత్త జిల్లాలకు భాజకాలు తయారుచేసుకో, ఏ మండలం ఏ తేదీన ఎటు వెళ్లిందో పక్కన రాసుకో. దేశం సంగతి తరువాత చూడవచ్చు, మొదట మన రెండు రాష్ట్రాల వరకు ఈ మండలాల పట్టిక పూర్తిచెయ్యి. అది నాకు పంపితే గోదావరి జిల్లాల మండలాలు నేను సరిచూసి పంపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య